కొర్రలు జారేంత సేపు

పాలపొడి డబ్బా అడుగున మేకుతో పొడిచిన చిల్లులోంచి పళ్లెంలోకి కొర్రలు జారుతున్నాయి. ఎండాకుల మీద సన్నటి జల్లు పడుతున్నట్టుంటుంది ఆ చప్పుడు. అది ఆగేసరికి ఇరవై సెకన్లు. తెర మీద ఫొటో మారుతుంది. అరకు దగ్గరి మా ఆశ్రమ పాఠశాలలో పిల్లలు మాట్లాడటం ఇలాగే నేర్చుకుంటారు: ఆరు ఫొటోలు, ఒక్కోదానికి ఇరవై సెకన్లు, చేతిలో కాగితం ఉండకూడదు. ఫోనులో టైమరు పెడితే పిల్లలు ఫొటో వదిలేసి అంకెలకేసి చూస్తున్నారని ఈ డబ్బాను తయారుచేసింది సుభద్ర టీచరు. కురుపాం వైపు మనిషి. మాట కటువు. పిల్లలు మాత్రం ఆవిడ కొంగు వదిలేవారు కాదు.

నేను అరకు బజారులో పుట్టి పెరిగినదాన్ని. ఇంటరుతో చదువాపేసి ఆ బడిలో సహాయకురాలిగా చేరాను. మా ఊరి గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదని నాకో గర్వం. అందుకే ఆ ఏడాది పాడేరులో బడులన్నిటికీ జరిగే ఈ ఆరు ఫొటోల పోటీకి పిల్లల మాటలన్నీ నేనే రాసిచ్చాను, పుస్తకాల్లోంచి ఏరిన మంచి మంచి వాక్యాలతో. టీచరు చదివి, "బాగుంది రత్నం. ఇంతకీ ఇది నువ్వు మాటాడతావా, గుంటలు మాటాడతారా?" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

తొమ్మిదో తరగతి బుద్రిది కొండ మీది పల్లె. సెలవులకు వెళ్లినప్పుడు వాళ్ల కొర్ర చేను ఫొటోలు తనే తీసుకొచ్చింది. మూడు ఫొటోల దాకా గలగలా చెప్పేది. నాలుగోది, వాళ్లమ్మ చేలో నిలబడి గుప్పిట నోటి దగ్గర పెట్టుకున్నది రాగానే నోరు పెగిలేది కాదు. కొర్రలు జారిపోయేవి, ఐదో ఫొటో వచ్చేసేది, ఆ పిల్ల నేల చూపులు చూస్తూ ఉండిపోయేది. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు సాయంత్రంలోగా పేర్లు పంపాలి.

"రెండు వాక్యాలే కదే మొద్దు గుంటా!" అని కసిరాను.

"నాకు రాదక్కా. నా పేరు తీసెయ్యండి."

టీచరు విన్నారు. నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి, కాగితం లాక్కుని, డబ్బా నింపారు. "ఇప్పుడు నువ్వు సూడు. మాటాడకు."

ఇరవై సెకన్లు అంత పొడుగని అప్పుడే తెలిసింది. వాళ్లమ్మ బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. గుప్పిట ముందు తెల్లటి పొట్టు ఎగురుతోంది.

"ఏటి సేత్తంది వాళ్లమ్మ?"

"ఊదుతోంది టీచర్."

"నువ్వేటి రాసినావు?"

'కొత్త గింజల తీపిని రుచి చూస్తున్న తల్లి' అని రాశాను.

అప్పుడు బుద్రి నోరు విప్పింది. "కొర్రకొత్త పండగ అవకుండా మా ఊళ్లో ఎవరూ కొత్త గింజ నోట్లో పెట్టరక్కా. దేవతకి పెట్టాకే తింటాం. మాయమ్మ తినేసిందని పదిమందిలో నేనెలా సెప్పేది?"

"ముందే అనొచ్చు కదే!"

"మీరు పుస్తకాలు సూసి రాసినారు కదా."

ఆ పండగ గురించి నేను రెండు పుస్తకాల్లో చదివాను. ఆ పేజీలు కళ్ల ముందు కదిలాయి కూడా. తల దించుకున్నాను. టీచరు నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చారు. "పుస్తకం సదివినోళ్లకి ఫొటో సదవడం బేగి రాదులే. వస్తాది," అన్నారు. ఆ సాయంత్రం బుద్రి పేరు వెళ్లింది.

పాడేరులో నాలుగో ఫొటో వచ్చింది. "మాయమ్మ గింజ గట్టిపడిందా లేదా అని నలిపి, పొట్టు ఊది సూత్తంది. తినదు. ఇంకా పండగ అవలేదు," అని బుద్రి ఆగిపోయింది. ఇంకా సగం సమయం మిగిలి ఉంది. మాట అందించబోయాను. టీచరు నా మణికట్టు పట్టుకున్నారు. "సూడనీ."

హాలంతా ఆ గుప్పిటనే చూసింది.

బహుమతి వేరే బడికి వెళ్లింది. బుద్రి మాత్రం తిరిగొచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు పొడుగునా మాట్లాడుతూనే ఉంది. "దీన్ని ఆపే డబ్బా ఏదైనా ఉందా రత్నం?" అని టీచరు నవ్వారు.

రిటైరై కురుపాం వెళ్లిపోతూ ఆవిడ ఆ డబ్బా నాకిచ్చారు. గ్రంథాలయానికి ఇప్పటికీ వెళ్తాను, గర్వం కూడా పూర్తిగా పోలేదు. కానీ పిల్లల మాటలు నేను రాయను. ప్రతి ఫొటోకీ మొదటి డబ్బాడు కొర్రలు మౌనానికే. ఈరోజు ఆరో తరగతి పిల్ల ఒకతి తన ఫొటో ముందు నిలబడి, "ఏం చెప్పమంటారక్కా?" అంది. నాకు రెండు చక్కటి వాక్యాలు తోచాయి. వాటిని మింగేసి డబ్బా నింపాను.

"ఏటి కనపడతందో సూడు," అన్నాను.