కాలివేళ్ళతో తెచ్చిన దవాఖాన

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా కడుపులో బండలా కూర్చుంది. నవ్వితే కదులుతుంది, బయటికి మాత్రం రాదు. నాకు పేరు రాసుకోవడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే ఎదురింటి టీచరమ్మ రాస్తోంది. నా పేరు కూడా ఇందులో రాయొద్దన్నాను. చదివిన మీరు మనసులోనే ఉంచుకోండి.

మాది వరంగల్‌లో మిల్లు కూలీల వాడ. మా ఆయన పోయాక నేనూ మిల్లులో దారం చుట్టే పనికి చేరాను. సర్కారు బీమా అని అందరి జీతంలో కొంత కోసేవారు. కోత వచ్చింది గానీ దవాఖాన రాలేదు. జ్వరమొస్తే ఊరవతలి పెద్దాసుపత్రికి పోవాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. దగ్గరలోనే డాక్టరు కావాలని ఆడవాళ్ళం గొడవ చేస్తే ఒక ఆఫీసరు వచ్చాడు. ఇచ్చేది ఒక్కటే, రైలు గేటుకు ఇవతల మా వాడ, అవతల ఇంకో వాడ, ఎక్కడ ఎక్కువమంది అడిగితే అక్కడ పెడతామన్నాడు.

అవతలి వాడలో, నన్ను అక్కా అని పిలిచే రాజవ్వ ఇల్లిల్లూ తిరిగి అర్జీ మీద వేలిముద్రలు వేయించింది. మా వాళ్ళేమో చేతులు వెనక దాచుకున్నారు. వాళ్ళ తప్పా? ఊళ్ళో కాగితం మీద వేలు పెట్టి చెలక భూములు పోగొట్టుకుని వచ్చినవాళ్ళే అందరూ. ఇప్పుడు గుడిసె కూడా పోతుందన్నారు. బతిమాలాను, తిట్టాను. చివరికి తలుపేసుకుని, దీపం మసిలో ఆముదం కలిపి, ఆఫీసరు ఇచ్చిన అర్జీలో రాసి ఉన్న మా వాడవాళ్ళ పేర్ల పక్కన నా పది వేళ్ళూ వేశాను. చాలలేదు. కాళ్ళు చాపాను. నవ్వొచ్చి రెండు ముద్రలు అలుక్కుపోయాయి. కాలి బొటనవేలు అచ్చం మొగోడి ముద్రలా పడింది!

దవాఖాన మాకే వచ్చింది. మర్నాడు రాజవ్వ వచ్చింది.

“అక్కా, మీ వాడల గింతమంది ఉన్నరని నాకు ఎర్కనే లేదు.”

“పొద్దుగాల మిల్లుకు పోతరు, నీకేడ కనవడుతరే?” అన్నాను.

“మంచిగైంది తీ. ఇగ మా అత్తను వీపునేసుకొని గేటు దాటుడే. పెండ్లినాడు నా మొగడు నన్ను గూడ గట్ల మొయ్యలే!”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

అప్పటినుంచీ ఆయాసపడే అత్తను మోసుకుంటూ, గూడ్సు బండి పోయేదాకా ఆమె గేటు దగ్గర నిలబడటం చూస్తూనే ఉన్నాను. ముసలమ్మ గట్టిది; వీపు మీదినుంచే గేటువాణ్ణీ రైలునూ కలిపి తిడుతుంది. దవాఖాన వరుసలో వాళ్ళకు నా చోటిస్తాను. “మా అక్క బంగారం” అంటుంది రాజవ్వ. దానికంటే చెంపదెబ్బ నయం. మా వాడ పిల్లల జ్వరాలు తగ్గాయి కదా, ఇందులో తప్పేముంది అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. తగ్గిన మాట నిజమే. ఆమె నడుం నొప్పీ నిజమే.

నిన్న రాజవ్వ మళ్ళీ వచ్చింది. వాళ్ళ వాడకూ దవాఖాన కావాలని అడుగుతున్నారట. అప్పుడు అంతమందిని ఎలా కూడగట్టావో వచ్చి మా ఆడవాళ్ళకు చెప్పమంది. ఏం చెప్పను? ఆదివారం వస్తానన్నాను. పోయి, ముందు ఆమెకు ఇది టీచరమ్మ చేత చదివిస్తాను. నవ్వుతుందో, ముఖాన ఊస్తుందో తెలియదు. క్షమించమని మాత్రం అడగను. అడిగితే క్షమిస్తుంది, అంత మంచిది.

టీచరమ్మ రాస్తూ రాస్తూ నన్నే చూస్తోంది. చూడనీ. పొద్దుటినుంచి ముద్ద దిగలేదు నాకు. ఇప్పుడు ఆకలేస్తోంది.