సంజీవయ్య పడవను తట్టి చూసిన రోజు

మా ఆయన సంజీవయ్య ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. రాయి లారీ దిగితే చాలు, చిన్న సుత్తితో తట్టి చెవిపెట్టి వింటాడు. ఖంగుమంటే దేవుడికి, దబ్బుమంటే గడపకు. ఈ అలవాటు ఇంట్లోనూ పోలే. కొత్త కుండ తెచ్చినా తట్టి చూడందే లోపలికి రానీడు. నా మాట మాత్రం ఆ చెవికి ఎక్కదు.

పెండ్లయిన కాడినుంచి ఒకటే అడుగుతాండా, అవుకు చెరువులో పడవెక్కాలని. ముప్పై ఏండ్లుగా "పనుంది" అంటానే ఉన్నాడు. పనీ లేదు, పాడూ లేదు. ఆయనకు నీళ్లంటే భయం! మొన్న మార్గశిరంలో, "ఈసారి నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోతా" అని చీర మార్చుకున్నా. మఫ్లర్ చుట్టుకుని నా ఎనకాల్నే బస్సెక్కినాడు.

మేము దిగేసరికి అవుకు ఇంకా దుప్పటి తీయలే. కట్ట మీదంతా మంచు. టీ అంగడాయన తప్ప మనిషి జాడ లేదు. ఆ నీళ్లను చూస్తానే నాకు చిన్నపిల్ల మాదిరి గంతులేయాలనిపించింది.

పడవాయన ప్రభుదాసు "రా అక్కా" అని చెయ్యిచ్చినాడు. నేను కాలు పెట్టబోతాంటే మా ఆయన వంగి, పడవను వేలి కణుపుతో టకటకా కొట్టబట్టె. ముందుపక్క ఒకచోట ఆగినాడు.

"ఈడ పగులుంది. ఎక్కొద్దు."

నాకు ఒళ్లు మండింది. "నీ సాకులు పాడుగాను! ఇప్పుడు పడవ మీద పడ్డావా?"

ప్రభుదాసుకూ రోషమొచ్చింది. "ఏందన్నా, పోయిన నెలే రంగేసినా" అంటా ఆడ గోరుతో గీకినాడు. రంగు పెచ్చులు లేచొచ్చె. కింద జానెడు పగులు!

"అన్నా, రేపు పదిమందిని ఎక్కించాల్సిన పడవ ఇది" అని దండం పెట్టినాడు. నేను ఎత్తిన కాలు ఎనక్కి పెట్టుకున్నా.

వేరే పడవ తెచ్చినాడు. మా ఆయన ఈ కొసనుంచి ఆ కొసదాకా తట్టి విన్నాడు. దేవుడి రాయిని కూడా అంతసేపు విన్నట్టు నాకు గుర్తులేదు.

"సక్కంగుంది. ఎక్కు నాగేశ్వరీ."

"మరి నువ్వు?"

"నిన్నొక్కదాన్నే పంపిస్తానా ఏంది?"

చెరువు నడిమికి పోయేదాకా కండ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఎండ పడి మంచు ఇడిసింది, చుట్టూ కొండలు బయటపడినాయి. "కండ్లు తెరువయ్యా" అన్నా. తెరిచి, అట్లే చూస్తా ఉండిపోయినాడు. నాకు ఆనందం పట్టలేక నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి.

ప్రభుదాసు పడవను ఒడ్డుకు తిప్పబోయినాడు.

"అప్పుడే ఏందప్పా? ఇంకో చుట్టు పోనీ" అన్నాడు మా ఆయన. నా చెయ్యి మాత్రం ఇడవలే.