మలకీ హెఫర్నన్ జారవిడిచిన బంతి

మా గ్రాంజర్స్ ఫెర్రీలో మలకీ హెఫర్నన్ అంత గర్వం ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ఊరంతా దొంగ అన్నా గడ్డం పైకెత్తుకుని నడిచేవాడు. అలా నడవడానికి అతనికో కారణం ఉంది. అది మాకు తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది. తెలిశాక నవ్వాలో, నెత్తిన ఒకటి మొట్టాలో నాకు తోచలేదు.

నేను హొనోరాను. బేస్ బాల్ మైదానం గేటుకు ఎదురుగా ఉన్న పూటకూళ్ళ ఇల్లు నాదే. మలకీ, అతని పెళ్ళాం డీలియా నా పెరటి కంచెకు అవతలి ఇంట్లో ఉంటారు. వాళ్ళింట్లో పెనం మీద ఏం మాడినా వాసన ముందు నాకే తెలుస్తుంది.

జీతాలు పుచ్చుకుని బంతాట ఆడటం అప్పుడప్పుడే మొదలైంది. పెద్ద ఊళ్ళతో పాటు మా ఊరికీ లీగ్‌లో ఒక జట్టు ఉండేది. మలకీ రెండో బేస్ దగ్గర నిలబడి బంతులు పట్టేవాడు. ఇప్పటి కుర్రాళ్ళలా చేతులకు తోలు దిండ్లు తొడుక్కునేవాళ్ళు కాదప్పట్లో, ఉత్త చేతులే. మలకీ వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉండేవి, ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. అయినా ఆ వేళ్ళు దాటి బంతి పోవడం ఎవరూ ఎరుగరు. ఆ సంగతి అతనే ఊరందరికీ చెప్పుకునేవాడు, అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా.

ఆ ఏడు కప్పు మాదే అనుకున్నాం. ఆఖరి ఆటలో ఆఖరి బంతి గాల్లోకి లేచింది. మలకీ దాని కిందే నిలబడ్డాడు. పిలిచి చేతిలో పెట్టినట్టు తిన్నగా దిగింది. రెండు చేతుల మధ్యనుంచి జారి నేల మీద పడింది. కప్పు పోయింది.

వారం తిరక్కుండానే జట్టులో ఇద్దరు పందెంరాయుళ్ళకు అమ్ముడుపోయారని బయటపడింది. వాళ్ళు ఒప్పేసుకున్నారు. జట్టు యజమానులు మలకీని కూడా పిలిపించి అడిగారు. "ఆ బంతి కావాలని వదిలావా, పట్టుకోలేకపోయావా?" అని.

మలకీ గడ్డం పైకెత్తాడు. నోరు విప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా అంతే. ఇంకేం, తప్పు ఒప్పుకున్నట్టే అనుకుని అతన్నీ జన్మంతా ఆటలోంచి వెలివేశారు.

లీగ్ వాళ్ళ వెలి మామూలుది కాదు, మశూచిలా అంటుకునేది. వెలివేసినవాడితో కలిసి ఆడినా, వాడికి ఎదురు జట్టులో ఆడినా ఆ ఆటగాళ్ళకూ అదే శిక్ష. అందుకని మలకీని చూస్తే మా ఊళ్ళో బంతి పట్టుకున్న ప్రతివాడికీ హడలే.

ఒకసారి చర్చి వనభోజనాల్లో కుర్రకారు ఆడుతుంటే బంతి దొర్లుకుంటూ వచ్చి మలకీ బూటు దగ్గర ఆగింది. అతను వంగబోయాడు.

"మలకీ! ముట్టుకోకురా బాబూ!" కసాయి కొట్టు గార్విన్ కేక పెట్టాడు. "నువ్వది విసిరావంటే మా అందరి కొంపా మునిగినట్టే!"

చివరికి ఫాదర్ క్రోనిన్, అంత పెద్దమనిషి, అంగీ ఎగగట్టుకుని పరుగున వచ్చి బంతి తీసుకెళ్ళారు. అంతసేపూ మలకీ చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్ళ దగ్గరి బంతి కేసి చూస్తూ నిలబడ్డాడు. జనం పడీ పడీ నవ్వారు. డీలియా మాత్రం ఇంకా కొయ్యని ఆపిల్ పళ్ళ రొట్టెను మళ్ళీ బుట్టలో సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చర్చిలో ఆఖరి బల్ల దాటి ముందుకు రావడం మానేసింది.

మలకీ ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు. బట్టీ మీదివాడు ఇటుక విసిరితే కిందివాడు అందుకుని బండిలో పేర్చాలి. పాపం, ఇటుకల మీద లీగ్ వాళ్ళ నిషేధం లేదు! ఒకేసారి రెండేసి విసిరినా, పక్కకు తిరిగి కబుర్లు చెబుతూనే అందుకునేవాడు. జనం పనిగట్టుకుని చూడటానికి వెళ్ళేవాళ్ళు. "చూశారా? ఎగిరే ఇటుక పట్టినవాడు దిగే బంతి పట్టలేడా? అమ్ముడుపోయాడు కనకే వదిలాడు" అని చెవులు కొరుక్కునేవాళ్ళు. అది మలకీకి వినపడేది. విని గడ్డం ఇంకాస్త పైకెత్తేవాడు. వాడి పొగరు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ గొడవతో పోయిన లీగ్ జట్టు మొన్న వసంతంలో మా ఊరికి మళ్ళీ వచ్చింది. కుర్రాళ్ళకు ఆట నేర్పడానికి మలకీ కావాలన్నారు. అలా చెయ్యాలంటే ముందు వెలి ఎత్తెయ్యాలి. విచారించడానికి లీగ్ పెద్దమనుషులు ఇద్దరొచ్చి మా ఇంట్లోనే దిగారు.

విచారణకు ముందురోజు బట్టలు ఆరేస్తూ డీలియా మొగుణ్ణి నిలదీయడం కంచె ఇవతలికి వినిపించింది.

"నువ్వు దొంగవి కావని నాకు తెలుసు. మరి ఆ రోజు నోరెందుకు పెగల్లేదు?"

"ఊరుకోవే."

"ఊరుకునే ఉన్నానుగా ఇన్నాళ్ళూ! బంతి కనపడితే నీ మొహం ఎలా అవుతుందో నేను చూడటం లేదనుకున్నావా? రేపు నిజం చెప్పి ఆ మైదానంలోకి వెళ్ళు. చెప్పకపోతే నీ కూడు నువ్వే వండుకో."

మర్నాడు మధ్యాహ్నం నా భోజనాల గదిలో విచారణ జరిగింది. ఇద్దరిలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి అదే పాత ప్రశ్న అడిగాడు. మలకీ గడ్డం అలవాటుగా పైకి లేవబోయింది.

"మలకీ," అంది డీలియా. అంతే.

"పట్టుకోలేకపోయానండీ," అన్నాడు గొణుగుతూ.

"వినపడలేదు."

"పట్టుకోలేకపోయాను! ఎండ కళ్ళలో పడలేదు. గాలి లేదు. వేళ్ళకు దెబ్బా లేదు. పసిపిల్ల కూడా పట్టేది. నా చేతుల్లోంచి పోయింది. ఎందుకు పోయిందో నాకిప్పటికీ తెలీదు."

డీలియా కుర్చీలోంచి లేచింది. "ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళా? దొంగ అంటుంటే పడి ఉన్నావా?"

"దొంగ అంటే ఏమైందే? పట్టగలిగీ వదిలేశాడనుకుంటారు. నిజం చెప్తే చేతకాలేదనుకుంటారు!"

కూర గిన్నె బల్ల మీద ధడాలున పెట్టాను. "ఓరి నీ గొప్ప తగలెయ్య!" అని పెద్దమనుషుల ముందే అనేశాను.

కళ్ళజోడాయన మాత్రం నవ్వలేదు. "చూడు హెఫర్నన్, పొద్దున బట్టీ పక్కగా వస్తూ నీ పని చూశాం. ఇటు తిరిగి మాట్లాడుతూ అటునుంచి వచ్చిన ఇటుక పట్టావు. ఆ చేతుల్లోంచి ఆ బంతి ఊరికే జారిందంటే మమ్మల్ని నమ్మమంటావా? అబద్ధమాడినా కాస్త అతికేలా ఆడాలయ్యా."

వెలి వెలిగానే ఉండిపోయింది.

మలకీ గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "విన్నావా హొనోరా? నా చేతుల్లోంచి జారదట," అన్నాడు. గడ్డం పైకే ఉంది కానీ వణుకుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. అన్నేళ్ళ నా కోపం ఆ కాసేపటికి ఎటు పోయిందో తెలియదు. అతని భుజం తట్టాను.

సాయంత్రం నేను దుంపల చెక్కు తీస్తుంటే కంచె అవతల డీలియా గొంతు వినిపించింది.

"అక్కడ నిలబడు."

చూస్తే ఆమె చేతిలో అటక మీది పాత బంతి ఉంది.

"వద్దే! నాతో ఆడినవాళ్ళను కూడా వాళ్ళు..."

"ఏం చేస్తారు? నన్ను లీగ్‌లోంచి పీకేస్తారా? చేతులు చాపు!"

బంతి పైకి లేచింది. మలకీ దాని కిందికి వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ చాపాడు. బంతి తిన్నగా దిగి ఆ చేతుల మధ్యనుంచి జారి క్యాబేజీ మడిలో పడింది.

డీలియా నడుము మీద చేతులు వేసుకుంది. "దీనికెంత పుచ్చుకున్నావేంటి?"

మలకీ బంతి కేసి చూశాడు. ఆమె కేసి చూశాడు. ఆ గడ్డం కిందికి దిగడం నేను మొదటిసారి చూశాను. "ఏమీ పుచ్చుకోలేదే. చేతకాలేదంతే," అని చిన్నపిల్లాడిలా నవ్వేశాడు, కళ్ళు తుడుచుకుంటూనే.

"ఆ, అదీ మాట! పట్రా, మళ్ళీ వేస్తాను."

రెండోది పట్టాడు. నేను కత్తీ దుంపలూ అక్కడే వదిలేసి, పావడా ఎగదోపుకుని కంచె దాటాను. నా పేరు కూడా రాసుకోమనండి ఆ లీగ్ వాళ్ళను.