మా అత్త బుగతమ్మ అయిన వేసవి

ఆ వేసవి తలుచుకుంటే నాకు ముందు కనిపించేది ఒక ఎర్రచుక్క. మా అత్త ఇంటి గోడ మీద, కరెంటు మీటరులో, మధ్యాహ్నపు ఎండలో కూడా మిణుకుమిణుకుమనే చుక్క. దాన్ని చూస్తూ చూస్తూ నేను ఎన్నిసార్లు నిద్రపోయానో లెక్కలేదు. పనిమీద వెళ్ళినవాడు నిద్రపోవడమేమిటని అడక్కండి. సముద్రానికి అంత దగ్గరగా, రేకుల వసారాలో, ఎండుచేపల వాసన మధ్య చాప పరిస్తే, పెద్ద ఇంజినీరుకైనా కళ్ళు మూతపడతాయి. నేను ఇంజినీరుని కూడా కాను. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో గుర్తులేదు గానీ, ఇద్దరం సుఖపడ్డాం. ఆమదాలవలసలో ఒక వైరింగు మేస్త్రీ దగ్గర చేరాను. సగం పని ఆయన నేర్పాడు, మిగతా సగం షాకులు నేర్పాయి.

మా అత్త అంటే మా నాన్న అక్క. మావ సముద్రం మీద పోయి చాలా ఏళ్ళయింది. చేపలకి ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గంపలో పెట్టుకుని శ్రీకాకుళం తెచ్చి అమ్ముతుంది. ఒకరోజు పొద్దున్నే గంప నా గుమ్మంలో దించి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఒరే అల్లుడూ, నానిప్పుడు బుగతమ్మనటరా. నీకు పొలం గానీ కావాలేటి, సెప్పు, రాసిచ్చీస్తాను."

బుగతంటే మా వైపు భూములున్న ఆసామి. మా అత్తకి ఉన్న భూమి ఆవిడ కాళ్ళ కింద పట్టేంత.

"కొబ్బరితోట కూడా రాయత్తా. ఇంతకీ ఎవలన్నారు?"

"మీటరన్నాదట!"

నవ్వుతూనే అంది గానీ, గంప పక్కన కూలబడ్డాక మొహం మారిపోయింది. ఆ నెల వితంతు పింఛను రాలేదు. గ్రామ సచివాలయానికి వెళ్ళి అడిగితే, అక్కడి ఉద్యోగిని కంప్యూటర్లో చూసి చెప్పిందట: ఇంట్లో కరెంటు వాడకం హద్దు దాటింది, అంత వాడేవాళ్ళు పేదల కింద రారు, పింఛను ఆగింది, బిల్లులో రాయితీ కూడా పోయింది. ఆరు నెలల సగటు మళ్ళీ హద్దులోకి దిగితే అర్జీ పెట్టుకోవచ్చు.

"నాకున్నయి మూడు బల్బులు, ఒక పంకా, నువ్వు తెచ్చిన ఆ ముసిలి ఫ్రిజ్జు. దీనికే నాను బుగతమ్మనైతే, రొయ్యల సెరువులోళ్ళని ఏటనాల్రా?" అని అడిగింది. ఆ పింఛనుతోనే ఆవిడ మందులూ బియ్యమూ నడుస్తాయని నాకు తెలుసు. ఎండుచేపల డబ్బులు చేపలకే సరిపోతాయి.

చెయ్యాల్సిందంతా తను చేసిందని తర్వాత తెలిసింది. ఊళ్ళో కరెంటు పొదుపు మీద మీటింగు పెడితే ముందు వరసలో కూర్చుంది. పాత బల్బులిచ్చి ఎల్ఈడీ బల్బులు తెచ్చుకుంది. తక్కువ కరెంటు తినే ఫ్యానొకటి వాయిదాల మీద తీసుకుంది. నక్షత్రాలు ఎక్కువున్న ఫ్రిజ్జు కొంటే ఇంకా మంచిదని మీటింగులో మేడమ్ చెబితే, "సుక్కలు మాకు పైన బోలెడున్నాయి తల్లీ, కొని ఏటి సేస్తాను" అందట. ఇంటికెళ్ళి ఫ్రిజ్జు తీగ పీకేసి, అందులో చీరలు మడతపెట్టుకుంది. ఆ వేసవంతా ఆవిడ ఏ చీర కట్టినా పక్కవాళ్ళు ఈ రోజు కూరేమిటని అడిగేవారు.

అయినా మరుసటి నెల యూనిట్లు తగ్గలేదు, పెరిగాయి.

అలా నేను బండేసుకుని వెళ్ళాను. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపేశాను. ప్లగ్గులన్నీ పీకేశాను. ఇంట్లో అలికిడి లేదు, బయట అలల చప్పుడు మాత్రం ఉంది. మీటరు చూస్తే, కరెంటు ఖర్చవుతున్నప్పుడే వెలగాల్సిన ఎర్రచుక్క మిణుకుమంటూనే ఉంది. మెయిన్ కిందికి లాగితే ఆగింది. పైకెత్తితే మళ్ళీ మొదలు. అంటే మీటరు దాటాక, స్విచ్చుల్లోకి చేరకముందే కరెంటు ఎటో వెళ్ళిపోతోంది. గోడలు తడిమాను, పెట్టెలు విప్పాను. ఎక్కడో తెలియలేదు. మర్నాడూ, ఆ తర్వాత రోజుల్లోనూ వచ్చి మళ్ళీ వెతికాను. వెతికి వెతికి వసారాలో వాలాను.

ఆ మధ్యాహ్నాలే నాకు ఇప్పటికీ కలలా తోస్తాయి. రేకుల మీద ఎండ చిటపటమనేది. గాలి వచ్చినప్పుడల్లా తాడు మీద చేపలు ఒకదానికొకటి తగిలి ఎండుటాకుల్లా గలగలమనేవి. చుక్క వెలిగేది, ఆరేది. దానికీ నా ఊపిరికీ ఎక్కడో లంకె కుదిరేది. ఒకసారి కల కూడా వచ్చింది. ఇంట్లోంచి కరెంటు సన్నటి కాలవలా ఇసకలోకి దిగి, గట్టు దాటి సముద్రంలో కలుస్తోంది. లోపల చేపలన్నీ ఇళ్ళు కట్టుకుని, మా అత్త కరెంటుతో దీపాలు పెట్టుకున్నాయి. నడుమ మా మావ వల పక్కనపెట్టి, కాళ్ళు చాపుకుని, ఫ్యాను కింద పడుకున్నాడు. బిల్లు ఎవరు కడుతున్నారు మావా అని అడుగుదామనుకునేలోపు నీళ్ళు పోస్తున్న చప్పుడుకి మెలకువ వచ్చింది.

మా అత్త వసారా స్తంభం మొదట్లో, ఎర్తు గుంతలో కుండతో నీళ్ళు పోస్తోంది. మామూలు నీళ్ళు కాదు, చేపలకి ఉప్పు పట్టించాక దిగిన ఊట.

"ఏటి సేస్తన్నావత్తా?"

"నువ్వు సెప్పిందే సేస్తన్నాను. రోజూ పోస్తన్నాను, ఒక్క పూటా మానలేదు."

నాకు గుర్తొచ్చింది. ఈ వసారా వేసినప్పుడు వైరింగు నేనే చేశాను. రేకులకి ఎప్పుడైనా కరెంటు తగిలితే మనుషులకి కొట్టకుండా నేలలోకి పోవాలని, ఇనప స్తంభానికి ఎర్తు తీగ కట్టాను. ఎండాకాలం వారానికోసారి గుంత తడపమన్నాను. నా నోరు ఊరుకోదు కదా. "ఉప్పునీళ్ళైతే దీనికి మరీ ఇష్టం, మావకి కల్లు లాగ" అన్నాను. మావని తలిచి అన్న మాటని ఆవిడ వట్టినే పోనిస్తుందా? పారబోసే ఊట రోజూ తెచ్చి ఈ గుంతకే పోసింది.

స్తంభానికి టెస్టరు ఆనించాను. వెలిగింది. నిచ్చెన ఎక్కితే, చూరు కింద, వేళ్ళు దూరని సందులో దొరికింది సంగతి. మీటరు నుంచి లోపలికి వెళ్ళే తీగ స్తంభాన్ని ఒరుసుకునే చోట, ఉప్పుగాలికి పైతొడుగు పెళుసై చిట్లిపోయింది. లోపలి తీగ ఇనుముకి ఆనుకుని ఉంది. స్తంభంలోకి, అక్కణ్ణుంచి గుంతలోకి, గుంత తడిగా ఉన్నంతసేపూ కరెంటు నేలలోకి పోతూనే ఉంది. మా అత్త దాన్ని ఒక్క రోజు కూడా ఆరనివ్వలేదు.

నిచ్చెన దిగి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. "తప్పు నాదే అత్తా. తీగ అలా కట్టిందీ నానే, ఉప్పునీళ్ళు పొయ్యమన్నదీ నానే. నిన్ను బుగతమ్మని సేసింది మీటరు కాదు, నా నోరు."

నా జీవితంలో హాస్యమాడినా నాకే నవ్వు రానిది అప్పుడే. ఆవిడ కాసేపు గుంత వంక, కాసేపు స్తంభం వంక చూసింది.

"మద్దిన మద్దిన ఆ స్తంభం పట్టుకుంటే సెయ్యి జుమ్మనేదిరా. ముసిలితనం తిమ్మిరనుకున్నాను. గుంత ఎండిపోయుంటే?"

"జుమ్మనడంతో ఆగేది కాదు. నేలలోకి దారి లేక నిన్నే పట్టేది."

"మరింకేటి ఏడుపు? నీ నోరు నా పింఛనీ తిన్నాది, నన్ను వదిలీసింది. తీగ మార్సు ముందు. సేతులు కట్టుకుని నిలబడ్డావు, పెళ్ళికొడుకులాగ!"

తీగ మార్చి, పైపు తొడిగి, స్తంభానికి జానెడు దూరంగా తిప్పాను. కరెంటు ఇలా నేలలోకి పోతే దానంతటదే పడిపోయే స్విచ్చు ఒకటి నా ఖర్చుతో బిగించాను. స్విచ్చులన్నీ ఆపి మెయిన్ ఎత్తాక ఇద్దరం మీటరు ముందు గుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం. చుక్క వెలగలేదు. చాలాసేపు చూశాం.

సచివాలయంలో కరెంటు పనులు చూసే అతను వచ్చి, పరీక్షించి, తీగలో లోపమని కాగితం రాసిచ్చాడు. అయినా సగటు దిగాలి కదా. ఆ నెలలన్నీ ఆవిడ ఒక్క బల్బుతో గడిపింది. ఫ్రిజ్జు పెట్టుకోవచ్చని నేనంటే, "పేదరాలినయ్యాక పెట్టుకుంటాన్లే" అనేది. బియ్యం నేను తెస్తే తీసుకునేది గానీ, బదులుగా నా సంచిలో ఎండుచేపలు కుక్కేది. చలిగాలి మొదలయ్యే రోజుల్లో, బండి మీద ఎక్కించుకుని ఇద్దరం సచివాలయానికి వెళ్ళాం.

ఉద్యోగిని కంప్యూటర్లో చాలాసేపు వెతికింది. మా అత్త బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"అర్హురాలు అని వచ్చిందమ్మా" అంది ఉద్యోగిని.

"అంటే ఏటి తల్లీ?"

"అంటే పింఛను వస్తుంది. వచ్చే నెల నుంచి."

"అంటే నాను పేదరాలినేనా? కచ్చితంగానా?"

"కచ్చితంగా."

"నూరేళ్ళు బతుకు తల్లీ!" అని ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది మా అత్త. వరసలో ఉన్నవాళ్ళందరికీ తను పేదరాలినని చెప్పుకుంటూ బయటికి వచ్చింది. పేదరికం వచ్చినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

తిరిగి వస్తుంటే దారికి రెండు వైపులా వరి పండి వంగి ఉంది. ఎండ పసుపురంగులోకి తిరిగింది. ఏదో కబురు చెబుతూ చెబుతూ ఆవిడ మాట ఆగింది. వీపు మీద బరువు పడింది. ఇన్నాళ్ళ నిద్రా ఒక్కసారి ముంచుకొచ్చినట్టుంది, తల నా భుజం మీద వాల్చి పడుకుంది. పడిపోకుండా ఆవిడ చెయ్యి నా నడుం చుట్టూ లాక్కుని, ఎడం చేత్తో పట్టుకున్నాను. వెనకాల ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కొట్టుకోనీ అని, నడిచినంత మెల్లగా తోలాను.