స్టాండు లేని ఫొటోలు

కళ్లజోళ్ల కొట్టాయనకు ప్రయాణంలో బరువంటే గిట్టదు. ఏ ఊరు వెళ్లినా భుజాన ఒక చిన్న సంచి, మెడలో కెమెరా, అంతే. గడియార స్తంభాలనీ, పాత వంతెనలనీ మునిమాపు వేళ ఫొటోలు తీస్తాడు. దీపాలు వెలిగాక కూడా ఆకాశంలో కాస్త నీలం మిగిలి ఉంటుందే, ఆ కాసేపటికోసం ప్రాణం పెడతాడు.

ఆ మసక వెలుతురులో చెయ్యి ఏమాత్రం వణికినా ఫొటో చెడుతుంది. అందుకని తక్కినవాళ్లు మూడుకాళ్ల స్టాండు మోసుకెళతారు. ఈయన భార్యను వెంటబెట్టుకెళతాడు. ఆవిడ భుజం మీద కెమెరా ఆనించి, "కదలకు, ఊపిరి తియ్యకు" అంటాడు. అటు తిరిగి నిలబడితే చూడబుద్ధయి కదులుతుందేమోనని ఆవిణ్ణి తనవైపే తిప్పుకుంటాడు. పాపం, అన్ని ఊళ్లు తిరిగినా ఆవిడ తనివితీరా చూసింది మొగుడి ముక్కునే.

"నాదీ ఒకటి తీయకూడదూ?" అని ఓసారి అడిగింది.

"మరి కెమెరా దేనిమీద పెట్టను?" అన్నాడాయన, నిజంగానే ఆలోచిస్తూ.

మొన్న గ్రంథాలయంలో ఆయన ఫొటోల ప్రదర్శన పెట్టారు. "సామాను తగ్గించుకోండి. నాకు స్టాండు కూడా అక్కర్లేదు" అని ఆయన ఉపన్యాసం దంచాడు.

"చెయ్యి వణకదా సార్?" అని ఎవరో అడిగారు.

"అంతా సాధన. ఊపిరి బిగబట్టడం నేర్చుకోవాలి."

వెనక గోడ దగ్గర ఒక ఫొటో ముందు నిలబడ్డ భార్య ఇటు తిరక్కుండానే అంది:

"అది నేను నేర్చుకున్నాను లెండి. ఈ వంతెన ఇంత బాగుంటుందని మాత్రం ఇప్పుడే తెలిసింది."