గాలికి జీపు తొవ్వ తెల్వదు

ఫిట్టర్ కాకా పోయిండని నాకు బస్‌స్టాపుల తెలిసింది. సంతోష్‌నగర్‌ల పొద్దుగాల ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్న. ఆయన షెడ్డు పక్కనున్న కిరాణా సేఠ్ సగం ఎత్తిన షట్టరును మళ్ల దించుకుంట కనబడ్డడు. "దుకాణం బంద్ చేస్తున్నరేంది సేఠ్?" అని అడిగిన. "ఫిట్టర్ సాబ్ గుజర్ గయే, అమ్మా. చాయ్ తాగుకుంటనే పక్కకు ఒరిగిండట" అన్నడు. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

సైదాబాద్‌ల ఆయన ఇల్లు మా అమ్మగారింటికి ఎదురుంగనే. నేను పోయేసరికే వాకిట్ల పండుకోబెట్టిండ్రు. కొంచెం సేపటికి గల్లీ మొదట్ల ఒక జీపు ఆగింది. అండ్లకెళ్లి మా ఆఫీసు పెద్దసారు దిగిండు. గులాబీల దండ ఏసి, రెండు చేతులు జోడిచ్చి, చుట్టున్నోళ్లందరికి వినబడేటట్టు అన్నడు: "చాలా సిన్సియర్ వర్కర్. మా గాలిమరల స్కీముకు ఎంతో సేవ చేసిండు."

ఆ మాటకు నా ఒళ్లు మండింది. కాకా భార్య చిన్నమ్మ ముంగట లొల్లి ఎందుకని నోరు మూసుకున్న. మూసుకునుడు నాకు అలవాటే. అందుకే ఇప్పుడు రాస్తున్న. ఆ స్కీముకు కాకా చేసిన సేవ ఏందో, ఆ స్కీము కాకాకు చేసింది ఏందో మీరన్న తెలుసుకోవాలె.

కాకా సర్కారు ఫ్యాక్టరీల చానా ఏండ్లు ఫిట్టరుగ చేసిండు. మిషన్ల సప్పుడుకు చెవులు మందమై, టైము కన్న ముందే రిటైరై, సంతోష్‌నగర్‌ల రేకుల షెడ్డు ఏసుకున్నడు. చిన్నమ్మ పాత చీరెను కత్తిరిచ్చి, ఒక్కొక్క పానాకు ఒక్కొక్క జేబు కుట్టుకొని, ఆ బట్టను చుట్టచుట్టి చంకల పెట్టుకొని తిరుగుతుండె. కోపం ముక్కు మీదనే ఉండేది. చెవులు వినబడవు గనుక మామూలు మాట గూడ గల్లీ అంత వినబడేటట్టు అంటుండె. ఆఖరి బోల్టు బిగిచ్చినంకనే చాయ్ ముట్టేటోడు. "ఇగ చాలు కాకా, చల్లారిపోతున్నది" అంటె, "బోల్టుకు మొహమాటం ఉండదు బిడ్డా, వదులుంటే వదులే" అనేటోడు.

ఆ రోజుల్లనే సర్కారు కొత్త స్కీము పెట్టింది. చిన్న రైతులు బావి మీద గాలిమర పెట్టుకుంటే ఖర్చుల ఎక్కువ భాగం సబ్సిడీ. ఇనుప టవరు, పైన రేకుల చక్రం, ఎన్క తోక. గాలికి చక్రం తిరుగుతుంటే కడ్డీ బావిల కిందికి మీదికి ఆడి నీళ్లు తోడుతది. డీజిల్ అక్కరలేదు, కరెంటు కోసం ఎదురుచూసుడు లేదు. మంచి స్కీమే. అది మంచిదని ఇప్పటికీ అంటున్న, కోపం గూడ అందుకే. సబ్సిడీ ఇచ్చే ఆఫీసుల నేను టైపిస్టును. మరలు నిలబెట్టే కాంట్రాక్టరు కాకాను హెడ్ ఫిట్టరుగ పెట్టుకున్నడు. ఎదురెదురు ఇండ్లోళ్లం, ఒకే స్కీముల పనిచేస్తున్నమని ఇద్దరికీ మస్తు సంబురమైంది.

స్కీముల ఒక మెలిక ఉండె. మర నిలబెట్టినంక మా సారు చూసి, ఫొటో తీసి, బాగున్నదని రాస్తే సబ్సిడీ నేరుగ కాంట్రాక్టరుకు పోతది. ఆ తర్వాత మర తిరిగినా, తిరగకపోయినా అడిగేటోడు లేడు.

బార్కస్ దాటి దక్షిణం దిక్కు చానా దూరం పోతే ఒక ఊరు. ఆ ఊళ్ల పోచమ్మ అని, మొగడు చనిపోయిన రైతామె. ఆమె చెలకల రెండు బావులు. ఒకటి రోడ్డు పక్కన, గుట్ట నీడకు. ఇంకొకటి మీద గడ్డకు. స్కీముల తన వాటా కోసం పోచమ్మ ఎడ్లజత అమ్మింది. ఆ ఎడ్లతోనే అప్పటిదాక మోట కొట్టి నీళ్లు పారిచ్చుకునేది. ఎడ్లు పోయినయి, ఇగ మర తిరిగితేనే పంట.

కాకా ఆ చెలక చూడపోయిన్నాడు గుప్పెడు దుబ్బమట్టి తీసి పైకెత్తి ఇడిచిండట. రోడ్డు పక్క బావికాడ దుబ్బ నిట్టనిలువుగ కాళ్ల మీద పడ్డది. మీద గడ్డకు చెదిరి కొట్టుకపోయింది. "మర మీదికి పెట్టాలె" అన్నడు. కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. "జీపు ఇక్కడిదాకనే వస్తది. సారు గడ్డ ఎక్కడు" అన్నడు.

"గాలికి జీపు తొవ్వ తెల్వదు గద భాయ్!"

"నీకు బోల్టులు బిగిచ్చే పని చెప్పిన. గాలి ఫికర్ నీకెందుకు?"

కాకా ఆ సాయంత్రం మా అరుగు మీద కూసోని ఇదంత చెప్పిండు. బేరింగులు గూడ అసలువి కావని, పాతవి తుడిచి ఏసిండ్రని చెప్పిండు. "మరి మీరు పని బంద్ చెయ్యొచ్చు గద కాకా?" అన్న. "నేను బంద్ చేస్తే ఇంకొకడు వస్తడు. వాడు బోల్టులు గూడ సక్కగ బిగియ్యడు" అన్నడు. అప్పుడు నాకు ఆ మాట సాకులెక్క అనిపిచ్చింది. ఆయన మీద కోపం గూడ వచ్చింది. తర్వాత నేను చేసింది చూస్తే, ఆ కోపానికి నాకు హక్కు లేదు.

తనిఖీ దినం నోట్స్ రాసుకోనీకి సారు నన్ను గూడ జీపుల తీసుకపోయిండు. ఎండ మండుతున్నది. ఆకు కదుల్తలేదు. కానీ మర పైపుకెళ్లి నీళ్లు దబదబ పడుతున్నయి! పోచమ్మను బిందె పట్టుకొని ముంగట నిలబడుమన్నరు. ఈత చెట్ల ఎన్కకెళ్లి డీజిల్ ఇంజను సప్పుడు డుగ్గుడుగ్గుమని వస్తున్నది. అందరికీ వినబడుతున్నది, ఎవ్వరికీ వినబడలేదు. సారు అద్దాలు తీసి తుడుచుకున్నడు. ఫొటో తీసేటాయన తీసిండు.

అప్పుడు చెవులు మందమైన మా కాకా ఒక్కడే నడుచుకుంట ఈత చెట్ల ఎన్కకు పోయిండు. ఇంజను ఆగింది. పైపుల నీళ్లు సన్నగైనయి, చుక్కలైనయి, ఆగిపోయినయి. పోచమ్మ బిందె సగంల ఉన్నది. ఆమె పైకి చూసింది, చక్రం దిక్కు. కాకా చేతులు తుడుచుకుంట వచ్చి అన్నడు: "ఇప్పుడు తియ్యుండ్రి సార్ ఫొటో."

సారు ఆయన ముఖం గూడ చూడలేదు. "ఫొటో అయిపోయింది గదా" అని జీపు ఎక్కిండు. నేను గూడ ఎక్కిన.

మర్నాడు ఆఫీసుల ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. 'గాలిమర సంతృప్తికరముగా పనిచేయుచున్నది.' అక్షరం తప్పు పోకుంట కొట్టిన. నౌకరీ, ఇంట్ల తమ్ముడి చదువు, ఇంకా ఏమేమో కారణాలు చెప్పుకున్న. కాకా ఆ దినమే కాంట్రాక్టరు పని ఇడిచిపెట్టిండు. నేను పది దినాలు ఆయన వాకిలి దిక్కు చూడకుంట తలవంచుకొని పోయిన. ఆయన మాత్రం రోజు లెక్కనే "బిడ్డా, బస్సు దొరుకుతదా?" అని అరుస్తుండె.

ఆ ఎండకాలం పోచమ్మ వరి ఎండింది. కాకా తొలిసారి తానంతట తాను ఆ ఊరికి పోయిండు. ఊరోళ్ల బండ్లు అడుక్కొని, మరను ముక్కలు ముక్కలుగ ఇప్పి, మీది గడ్డ బావికి మోసి, మళ్ల నిలబెట్టిండు. దొంగ బేరింగులు పారేసి, టేకు కట్టెను నూనెల ఉడకబెట్టి బుష్షులు చేసి ఏసిండు. మర తిరిగింది. పోచమ్మ చెలకల మళ్ల నీళ్లు పారినయి. ఇదంత అయినంక చిన్నమ్మ చెప్తెనే నాకు తెలిసింది.

మీరు నమ్ముతరో లేదో. మర తిరగనన్ని దినాలు మా ఆఫీసు ఆ ఊరి దిక్కు చూడలేదు. తిరగంగనే పోచమ్మకు నోటీసు పంపింది. సబ్సిడీతో పెట్టిన మరను అనుమతి లేకుంట జరిపినందుకు సబ్సిడీ అంత ఆమె దగ్గర ఎందుకు వసూలు చెయ్యకూడదో చెప్పాల్నట.

ఆదివారం కాకా ఆ కాయితం పట్టుకొని మా ఇంటికి వచ్చిండు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి ఆ దినం మెల్లగ మాట్లాడిండు. కాయితం కింద మూలకు వేలు పెట్టి చూపిచ్చిండు. టైపు చేసినోళ్ల పొడి అక్షరాలు. నావి. కుప్పల ఒకటిగ, పేరు గూడ చదువకుంట కొట్టేసిన.

"నీ టైపింగు మంచిగున్నది బిడ్డా. ఒక్క తప్పు లేదు" అన్నడు.

తిట్టినా అంత నొప్పి పుట్టకపోవు. నేను ఏడుస్తుంటే "ఏడ్వకు, కాయితం తడుస్తది. మళ్ల దీంతోని పని ఉన్నది" అన్నడు. "ఆ దినం తీసిన ఫొటో ఫైలుల ఉంటదా?"

"ఉంటది కాకా."

"అండ్ల మర తోక ఎట్లున్నదో చూడు."

తెల్లారి ఫైలు తీసి చూసిన. అప్పటిదాక ఎన్నోసార్లు చూసిన ఫొటోనే. చక్రానికి ఎన్క నిటారుగ ఉండాల్సిన తోక, చక్రం పక్కకు మడిచి ఉన్నది. సాయంత్రం అడిగితే కాకా చెప్పిండు: "తోక మడిస్తే మరను కట్టేసినట్టే. గాలి వచ్చినా తిరగదు. బేరింగు అదురుడు చేతికి తగిలి, పొద్దుగాలనే నేనే మడిచి పెట్టిన. కట్టేసిన మర నీళ్లెట్ల తోడింది? ఈ ఒక్క మాట అడుగుదాం."

నోటీసుకు జవాబు రాసినం. పోచమ్మ వేలిముద్ర, కాకా సంతకం. మూడోది నాది. జీపుల నేను గూడ ఉన్న, ఇంజను సప్పుడు విన్న, అని రాసి సంతకం పెట్టిన. కాకా నా దిక్కు చూడకుంట, పెన్ను మూత పెట్టి నా చేతికి ఇచ్చిండు.

పై ఆఫీసరు మా ముగ్గురినీ పిలిచిండు. మా సారు, కాంట్రాక్టరు అప్పటికే కుర్చీల మీద కూసున్నరు. మాకు కుర్చీలు లేవు. ఆఫీసరు ఫొటో చూసిండు. తోక సంగతి కాకా విప్పి చెప్తుంటే చానాసేపు చూసిండు. ఆయనకు సమజయింది. అయిందని ఆయన ముఖంల నేను చూసిన. చూసి, ఫొటోను బోర్లేసి టేబుల్ మీద పెట్టి, "చూద్దాం" అన్నడు.

చూసింది ఇది. నోటీసు వాపసు తీసుకున్నరు, 'మానవతా దృక్పథంతో'నట! కాంట్రాక్టరు వేరే జిల్లాల మరలు పెట్టనీకి పోయిండు. మా సారుకు ప్రమోషన్ వచ్చింది. నన్ను పాత ఫైళ్ల గదికి మార్చిండ్రు. కాకా 'క్రమశిక్షణ లేని వ్యక్తి' అని, స్కీము పనులకు పిలవరాదని రాసిండ్రు. ఆ మాట రాయించినాయననే కాకా పోయిన దినం గులాబీల దండ తెచ్చిండు.

ఆ తర్వాత కాకా దగ్గరికి చుట్టుపక్కల ఊర్ల రైతులు రాబట్టిండ్రు, మర ఆగిపోయిందని. ఆదివారం ఆదివారం చీరె చుట్ట చంకల పెట్టుకొని బస్సెక్కుతుండె. వచ్చేటప్పుడు బార్కస్‌ల దిగి జామకాయలు తెచ్చి గల్లీల పంచేటోడు. ఆ జామకాయలు గ్రీజు వాసన కొట్టేటియి. కొన్ని మరలు తిరిగినయి, చానా మటుకు తిరగలేదు. తిరగని దినం ఇంటికొచ్చి చిన్నమ్మతోని ఉత్తపుణ్యానికి కొట్లాడేటోడు. "సర్కారు పైసలు సర్కారోళ్లే తిన్నరు, మీకెందుకు ఈ గోస?" అని ఒకసారి అడిగిన. "ఆ బోల్టులు నా చేతితోని బిగిచ్చిన గద" అన్నడు.

మొన్న ఆదివారం, చిన్నమ్మా నేనూ పోచమ్మ ఊరికి పోయినం. కాకా పోయిన సంగతి ఆమెకు చెప్పేటోళ్లు ఎవరూ లేరు. బస్సు కిటికీలకెళ్లి తొవ్వపొడుగున మరలు కనబడ్డయి. ఒకదాని మీద బట్టలు ఆరేసిండ్రు. ఒకదానికి బీరతీగ పాకిచ్చిండ్రు. ఇంకొకదాని రేకులు ఊడదీసి మేకల కొట్టానికి కప్పుకున్నరు. మా ఫైళ్లల్ల అయ్యన్ని సంతృప్తికరముగా పనిచేయుచున్నయి.

పోచమ్మ ఇంట్ల లేదు. మీది గడ్డకు పోయినం. బావికాడ గూడ మనిషి లేదు. చిన్నమ్మ నా భుజం గట్టిగ పట్టుకొని పైకి చూపిచ్చింది. టవరు కొస మీద, చీరె గోచి పోసుకొని, చేతిల నూనె డబ్బాతోని పోచమ్మ!

"నువ్వెక్కడ నేర్చుకున్నవ్ తల్లీ ఇది?" అని అరిచిన.

"అన్న నేర్పిండు" అని పైకెళ్లి జవాబు వచ్చింది. "'నేను రాలేని దినం వస్తది చెల్లె, ఎక్కు' అన్నడు. మొదాలు మూడు మెట్లెక్కి ఏడ్సిన. ఆయన కిందికెళ్లి ఒక్కటే తిట్టుడు." నవ్వింది. మళ్ల మా ఎన్క తొవ్వ దిక్కు చూసింది. "అన్న ఎన్కకు వస్తుండా వదినె?"

చిన్నమ్మ నా దిక్కు చూసింది. అంత ఎత్తుల ఉన్న మనిషికి ఎట్ల చెప్తం? "ముందు నువ్వు దిగు పోచమ్మా" అన్న నేను.

"దిగుత అక్కా, ఆగుండ్రి. గాలి లేస్తున్నది. ఒక్క సుట్టు తిరగంగ చూసి దిగుత."

తోకను మడిచి కట్టిన వైరు వదిలింది. తోక మెల్లగ ఎన్కకు విప్పుకున్నది. ఆమె టవరుకు చెయ్యి చుట్టుకొని, కాళ్లు ఏలాడేసుకొని, పడమటి దిక్కు చూసుకుంట కూసున్నది. మేమిద్దరం కింద, తలలు ఎత్తి.