గిర్నికి వచ్చిన మెక్సికో గోధుమలు

మా పిండి గిర్ని బోధన్ల బస్టాండు వెనక గల్లీల ఉంటది. బాపు పెట్టిండు. బాపు పోయినంక నేనే నడిపిస్తున్న. మా దిక్కు పొలాలన్ని వరి, చెరుకు. గోధుమలు లారీలల్ల బయటి నుంచే వస్తయ్. చక్కెర ఫ్యాక్టరీ ఊరు గదా, షుగరు గూడ ఇంటింటికి ఉన్నది. రాత్రిపూట అన్నం బంద్ జేసి రొట్టె తినేటోళ్లు ఎక్కువైండ్రు. వాళ్లకు బీమారి, నాకు గిరాకి.

నాలుగేండ్ల కింద, శివరాత్రి పోయినంక, ఒక జీపు వచ్చి గిర్ని ముందర ఆగింది. ఇద్దరు ఆడోళ్లు దిగిండ్రు. ఒకామె గోధుమల మీద పరిశోధన జేసే మేడం. వర్ని మండలం దిక్కు ఒక రైతు పొలంల చిన్న చిన్న మడులు కట్టించి గోధుమ వేయించిందట. రెండో ఆమె అదే పని మీద మెక్సికో దేశం నుంచి వచ్చింది. చామనఛాయ, గుండ్రటి మొకం, పొడుగు జడ. చీర కడితే నాందేడ్ నుంచి వచ్చిన చుట్టమే అనుకుంటరు.

మేడం బట్ట సంచులు దించింది. ఒక్కోదాంట్ల ఒక్కో రకం గోధుమ.

"ఒకదాని పిండి ఇంకోదాంట్లో కలవొద్దు అక్కా" అన్నది.

"గిన్ని రకాలు యాడికెల్లి తెచ్చిండ్రు మేడం?"

"విత్తనం వీళ్ల దేశం నుంచి వస్తుంది. మేమిక్కడ వేస్తాం, ఇథియోపియాలో వేస్తారు, బంగ్లాదేశ్‌లో వేస్తారు. ఎక్కడ తుప్పు తెగులు వచ్చింది, ఎక్కడ ఎండకు గింజ తాలైపోయింది, అందరం అందరికీ చెప్పుకుంటాం. ఒకరి దగ్గర మంచి రకం దొరికితే మిగతావాళ్లూ వాడుకుంటారు."

మనకు పక్క పొలపోనితోని గట్టు పంచాయితీ తెగది. గీళ్లు సముద్రాలు దాటి గింజలు పంచుకుంటున్నరు. నాకు మస్తు ముచ్చటేసింది.

ఒక్కో సంచికి ముందు గిర్ని ఆపి, బ్రష్షుతోని రాళ్లు దులిపి, ఆ సంచిల గోధుమలే పిడికెడు పోసి పాత పిండిని ఎల్లగొట్టాలె. మెక్సికో ఆమె చున్నీ నడుముకు చుట్టి నాతోపాటు దులుపుడు మొదలువెట్టింది. కనుబొమ్మలు తెల్లగైనయ్. అంతల మహారాష్ట్రల ధర్మాబాద్ దిక్కు ఒక ముసలామె జొన్నల డబ్బాతోని వచ్చి, ఆమెనే గిర్ని మనిషి అనుకొని మరాఠిల అడిగింది, ఇంకా ఎంతసేపు అని. ఈమె నవ్వి తల ఊపింది. ముసలామె మళ్ల అడిగింది. ఈమె మళ్ల నవ్వింది. "పట్నం పోయొస్తే మాట గూడ రాదా?" అని ముసలామెకు కోపమొచ్చింది. నేను సంగతి చెప్తే నోరు తెరిచి, ఆమె మొకం మీది పిండి కొంగుతోని తానే తుడిచింది.

పిండి అయినంక, రొట్టెలు జేసి రోజు తినేటోళ్లకు రుచి చూపియ్యాలని మేడం అన్నది. నిజామాబాద్‌ల ఏదో హాలు మాట్లాడిందట. గిర్ని ఎనకనే ఇల్లు, మా అవ్వ లోపలి నుంచే విన్నది. "గంత దూరమెందుకు బిడ్డా? పొయ్యి గిక్కడ లేదా?" అన్నది.

అవ్వ, మేం ఖాలా అని పిలిచే పక్కింటామె కలిసి పిండి తడిపిండ్రు. ఒక్కో పళ్లెం కింద ఒక్కో నెంబరు చీటి. గల్లీల ఆడోళ్లందరు వచ్చిండ్రు. వేడివేడిగ అన్ని రొట్టెలు మంచిగనే ఉన్నయ్.

"పొద్దుగాల చేస్తే పగటాల దాంక మెత్తగ ఉండాలె" అని అవ్వ, "చల్లారాక చూడాలి" అని మేడం, ఇద్దరు ఒక్కసారే అన్నరు.

చల్లారినంక ఒక్కొక్కటి మడిచి చూసినం. ఒక నెంబరుది దూది లెక్క ఉన్నది. ఇంకొకటి అప్పడం లెక్క పటుక్కున ఇరిగింది. మేడం మొకం వాడిపోయింది. అన్నిటికంటే ఎక్కువ ఎండకు నిలబడ్డది గదేనట. దాని మీదనే ఆమె ఆశంత.

మెక్సికో ఆమె ఆ ఇరిగిన రొట్టె పిండి తీసుకొని, నూనె, గోరువెచ్చటి నీళ్లు పోసి మెత్తగ పిసికింది. చేతుల మీదనే పల్చగ సాపి పెనం మీదేసింది. వాళ్లింట్ల గిట్లనే చేస్తరట. ఖాలా తుంచి నోట్లేసుకొని, "అరె వా!" అన్నది. ఆ పళ్లెం మాత్రం చల్లారేదాంక ఆగలే.

తర్వాత ఆమె మేడం భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పింది. మేడం మాకు తెలుగుల చెప్పింది: "బాధెందుకు, ఎండకు నిలబడేదానికీ మెత్తటిదానికీ పెళ్లి చేద్దాం అంటోంది."

"మరి పప్పన్నం ఎప్పుడు వెడతరు?" అన్నది అవ్వ. ఆ మాట మెక్సికో ఆమెకు అర్థం జేసేతందుకు మేడం చానసేపు తిప్పలు పడ్డది. అర్థమైనంక ఆమె నవ్విన నవ్వు బస్టాండు దాంక ఇనొచ్చి ఉంటది.

మరుసటేడు మేడం మమ్ముల పొలానికి తీస్కపోయింది. చుట్టు పచ్చటి వరి, నడుమ ఎండిన రంగుల గోధుమ మడులు. పిట్టలు తినకుంట పైన వల. అవ్వ వంగి ఒక కంకి చేతులకు తీసుకొని, గింజ నలిపి నోట్లేసుకున్నది. "గింజ మంచిగ నిండింది" అని అందరికి వినవడేటట్టు చెప్పింది.

మొన్న మేడం ఫోన్ జేసింది. ఆ రెండు కలిపి తీసిన రకాలల్ల ఒకటి ఈసారి ఎండకు నిలబడ్డదట. రొట్టె ఎట్లొస్తదో ఇంకా తెల్వది. "అక్కా, సంచులు పట్టుకొని వచ్చే వారం వస్తున్నాం. ఈసారి ఇథియోపియా నుంచి ఒకాయన కూడా వస్తున్నాడు" అన్నది. నేను అదే రోజు మిస్త్రీని పిలిచి, పిండి సన్నగ పడాలని గిర్ని రాళ్లకు గంట్లు కొట్టిచ్చిన. అవ్వ అయితే ఆ దేశపోళ్లు కారం తింటరా తినరా అని ఖాలాను అడుగుతున్నది.